నిలబెట్టి చంపిన చెట్లు

పోయిన వారం మిమ్మల్ని అడవి మధ్యలో వదిలేసి వచ్చాను. ఇవాళే మొదలుపెట్టినవాళ్ళ కోసం నాలుగు ముక్కల్లో చెబుతాను, మిగతావాళ్ళు ఓపిక పట్టండి. ఎండిన చెట్టొకటి విరిగి మీద పడి మా ఆయన పోయాడు. చెట్లు కొట్టే ముఠాకి మేస్త్రీ మా మావయ్య, అంటే మా ఆయన కన్నతండ్రే. "నరకకూడదని గుర్తు పెట్టిన చెట్టు కిందకి తన సొంత అజాగ్రత్త వల్ల వెళ్ళాడు" అని అడవిని నడిపే మా ఊరి సంఘం వాళ్ళు ప్రమాద నివేదికలో రాశారు. దాని కింద మావయ్య సంతకం పెట్టాడు. ఆ 'అజాగ్రత్త' అన్న మాట తీసెయ్యమని నేను సంఘం ఆఫీసు చుట్టూ తిరుగుతున్నాను. ఇంతలో అడవి సర్టిఫికెట్టు తనిఖీకి ఆడిటరమ్మ దిగింది. విరిగిన ఆ చెట్టు మొదలు చూడాలంది. సంఘం వాళ్ళెవరూ వద్దు, నన్నే వెంట రమ్మంది. అక్కడ మోకాళ్ళ మీద కూచుని, మొదలు మీదున్న తెల్లరంగుని చాకుతో గీకి, తలెత్తి, "ఈ చెట్టు ఎలా చచ్చిపోయిందో మీకు తెలుసా?" అని అడిగింది.

తెలీదన్నాను. చెట్టు ఎలా చస్తే నాకెందుకు, నా మొగుడు ఎలా పోయాడో అడగండి అని నోటిదాకా వచ్చింది. దాన్ని బయటికి తోసే ఓపిక లేకపోయింది. ఈమధ్య నాకు కోపం అలాగే వస్తోంది. వీధి గుమ్మం దాకా వచ్చి, ఇంట్లో ఎవరూ లేరనుకుని తిరిగి వెళ్ళిపోయే చుట్టంలాగ.

ఏడుపైతే అసలు రాలేదు. ఆయన పోయిన దగ్గర్నుంచీ ఇంటికి వచ్చినవాళ్ళందరూ నా కళ్ళలోకే చూశారు. "ఏడవమ్మా, ఏడిస్తే తేలికవుతుంది" అన్నారు. బస్సు కోసం చూసినట్టు నేనూ చూశాను. రాలేదు. తింటున్నాను, పడుకుంటున్నాను, డిపోకి వెళ్ళి దుంగల మీద సుత్తితో ముద్ర కొడుతున్నాను. ఆ ముద్ర ఉంటేనే అది మంచి అడవి నించి వచ్చిన కలప అని బయటివాళ్ళకి నమ్మకం. ముద్ర ఎప్పట్లాగే తిన్నగా పడుతోంది. నాకే ఏమీ తగలడం లేదు.

"ఇలా కూచోండి" అంది ఆడిటరమ్మ. కూచున్నాను.

"ఇది దానంతటది ఎండలేదమ్మా. ఎండేలా చేశారు. చుట్టూ బెరడు పట్టీలాగ తీసేస్తే చెట్టు నిలబడినచోటే చచ్చిపోతుంది. కొన్ని అడవుల్లో మేమే చెయ్యమంటాం. అందులో తప్పేం లేదు. అయితే చేశామని మాతో చెప్పాలి. మనుషులు నడిచే దారికి దూరంగా చెయ్యాలి. బెరడు వరకే తియ్యాలి. ఇక్కడ చూడండి, రంపం లోపలి కట్టెలోకి ఎంత దిగిపోయిందో. సగం నరికేసి గాలికి వదిలేశారు."

చూశాను. ఏడాది పాటు ఎండకీ వానకీ నల్లబడిన గాటు, దాని లోపల మొన్న విరిగిన కట్టె. విరిగిన కట్టె ఇంకా కొత్తగా, పసుప్పచ్చగా ఉంది.

"నరకొద్దని గుర్తుగా తెల్లపట్టీ వేస్తారు కదా మీవాళ్ళు, ఎంత ఎత్తులో వేస్తారు?"

"గుండెల ఎత్తున. దూరానికి కనపడాలి కదండీ."

"మరి దీనికి మోకాళ్ళ దగ్గరెందుకు వేశారు?"

గాటు కనపడకుండా. నాకర్థమైంది. ఆవిడకి ముందే అర్థమైంది.

మా అడవి సంగతి మీకు చెప్పాలి, లేకపోతే ఇదంతా పిచ్చి పనిలా కనిపిస్తుంది. అసలు అడవిని మా తాతల కాలంలోనే ఊడ్చి పెట్టేశారు. ఇప్పుడున్నదంతా నాటిన అడవి. బళ్ళో పిల్లల్ని నిలబెట్టినట్టు వరసలు, అన్నీ ఒకే ఈడు, ఒకే ఎత్తు. ముసలి చెట్టు లేదు, ఎండిన చెట్టు లేదు. ముసలయ్యే దాకా ఎవరుంచారు గనక! బయటివాళ్ళు వచ్చి ఎంత పచ్చగా ఉందో అని ఫొటోలు తీసుకుంటారు. లోపలికి నడిస్తే ఒక్క పిట్ట కూత వినపడదు. సర్టిఫికెట్టు వాళ్ళకి అది నచ్చలేదు. అడవన్నాక చచ్చిన చెట్లూ ఉండాలన్నారు. వాటిలో పురుగులుంటాయి, పురుగుల కోసం వడ్రంగిపిట్టలొస్తాయి, అవి తొలిచిన తొర్రల్లో ఇంకెవరెవరో కాపురం పెడతారు. న్యాయమైన మాటే. పోయినేడు తనిఖీలో, మీ అడవిలో ఎండిన చెట్లు లేవు, మళ్ళీ వచ్చేసరికి సరిచేసుకోకపోతే సర్టిఫికెట్టు ఆగిపోతుంది అని చెప్పి వెళ్ళారు. అది ఆగిపోతే మా కలప కొనేవాడుండడు. ఈ ఊళ్ళో పొయ్యిలన్నీ ఆ కలప మీదే వెలుగుతున్నాయి.

ఈ ఏడు చూస్తే ఎండిన చెట్లు అడిగినన్ని ఉన్నాయి. అవి ఎక్కణ్ణించి వచ్చాయని నేనెప్పుడూ అనుకోలేదు. నరికిన చెట్లే నా దగ్గరికి వస్తాయి. నరకనివాటితో నాకేం పని?

"రేపు పొద్దున అందరితో ఆఖరి మీటింగు" అంది ఆడిటరమ్మ లేచి, మోకాళ్ళ మట్టి దులుపుకుంటూ. "ఈ గాటు ఎవరు పెట్టారని అక్కడ అడుగుతాను. ప్రమాదం గురించి కూడా అడుగుతాను. అజాగ్రత్త అన్న మాట అలాగే ఉంచాలా వద్దా అనేది వాళ్ళు చెప్పేదాన్ని బట్టి ఉంటుంది."

నా భుజం మీద చెయ్యి వెయ్యబోయి మానేసింది. ఆ ఒక్కదానికే ఆవిడ మీద ఇష్టం కలిగింది. ఈ నెలలో నన్ను తడమని మనిషి లేడు.

ఇంటికొచ్చేసరికి మావయ్య పెరటి గట్టు మీద కూచుని రంపం గొలుసుకి ఆకురాయితో పదును పెడుతున్నాడు. లోపల అత్తయ్య కుట్టుమిషను నడుస్తోంది. ముఠావాళ్ళ చేతితొడుగులు ఆవిడే కుడుతుంది. ఇంట్లో ఎవరు పోయినా చేతితొడుగులు చిరగడం ఆగదు కదా.

మావయ్య మంచి మాటకారి. పది మందిలో కూచుంటే అందరూ నవ్వుల్లో పడి పని పాడవుతుందని ఆయన్ని పక్కకి పంపేసేవారు. ఇప్పుడు మాత్రం మాటలు తగ్గాయి.

"వచ్చావా అమ్మాయ్? ఆ కళ్ళజోడమ్మ ఏం చూసిందేమిటి?"

"మొదలు చూసింది. రంగు గీకింది."

ఆకురాయి ఆగింది. మళ్ళీ కదిలింది.

"రంగు గీకడానికా అంత దూరం నించి వచ్చింది! మన గోడలకి కూడా గీకించవలసింది, సున్నం వెయ్యాలి."

నేను నవ్వలేదు. ఆయనా నవ్వలేదు. అలవాటు కొద్దీ నోరు అనేసింది, అంతే.

"గాటు ఎవరు పెట్టారు మావయ్యా?"

"బెల్టు సంగతి చెప్పేసిందన్నమాట."

దానికి పేరు కూడా పెట్టుకున్నారన్నమాట.

"ఎవరు పెట్టారు?"

ఆయన గొలుసు పక్కన పెట్టాడు. చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. ఒక్కో వేలూ తుడుచుకున్నాడు.

"నేనే" అన్నాడు. "ఇంకెవరు పెడతారు? ముఠా వాళ్ళకి చెబితే ఊరంతా టముకు వేస్తారు. పెట్టమన్నారు, పెట్టాను."

"ఎవరు పెట్టమన్నారు?"

"అదడక్కు. పెట్టకపోతే ఏమయ్యేదో అది అడుగు. సర్టిఫికెట్టు పోయేది. ఊళ్ళో ఒక్కడికి పనుండేది కాదు. నీ డిపో కూడా ఉండేది కాదు. చెట్లే కదమ్మా! రోజూ కొట్టే చెట్లే. కొన్నిటిని పడుకోబెట్టి చంపుతాం, కొన్నిటిని నిలబెట్టి చంపాం. నాకు తేడా కనపడలేదు."

"ఆ ఒక్కటీ లోతుగా దిగింది."

"దిగింది. చెయ్యి జారింది. ముసలాణ్ణి."

లోపల మిషను చప్పుడు లేదు. ఎప్పుడు ఆగిందో నేను గమనించలేదు.

"ఆయనకి తెలుసా?" అన్నాను.

మావయ్య పెరటి కంచె వైపు తిరిగాడు. కంచె మీద ఏమీ లేదు.

"చూశాడు. వాడు పోయే ముందు వారంలోనే చూశాడు. రంగు చూసి పట్టేశాడు. 'నాన్నా, ఇది లోతుకి దిగింది, నిలబడదు, దారి మీద పడుతుంది, పడగొట్టేద్దాం' అన్నాడు. ఒకటి తగ్గితే లెక్క తగ్గుతుందిరా, తనిఖీ అయిపోనీ, నేనే పడగొడతాను అన్నాను. పోనీ దారికి అడ్డంగా ఎర్ర టేపు కడతానన్నాడు. వద్దురా, టేపు చూస్తే ఎందుకు కట్టారని అడుగుతారు అన్నాను. చిన్నప్పట్నించీ నేను చెప్పింది వినే పిల్లాడు. ఆ ఒక్కసారి వినలేదు."

"టేపు కట్టడానికే వెళ్ళాడా ఆయన?"

"అవును. ఆ గాలిలో. వెనకాల ముఠా వస్తోంది, వాళ్ళు ఆ దారిన రాకుండా కడదామని."

"మరి ఆయన దగ్గర ఏమీ లేదన్నారే. నేనడిగాను కదా ఆ రోజు, ఆయన చేతిలో ఏమీ లేదా అని."

"ఉంది. టేపు చుట్ట చేతిలోనే ఉంది. అందరికంటే ముందు నేను వెళ్ళాను. తీసేశాను."

"తీసేశారా?"

"టేపు కనపడితే మాకు ముందే తెలుసని తెలిసిపోతుంది కదమ్మా. గట్టిగా పట్టుకున్నాడు. వేళ్ళు విప్పాల్సి వచ్చింది."

నాకు ఏదో ఒకటి కలగాలి. ఇక్కడైనా కలగాలి. కన్నతండ్రి, కొడుకు వేళ్ళు ఒక్కొక్కటీ విప్పి టేపు తీసుకున్నాడు, ఆ తరవాత లేచి కేకలు పెట్టాడు. ఆ కేకలు నేను డిపోలోంచి విన్నాను. ఇదంతా తెలిశాక మనిషన్నది పెద్దగా అరవాలి, చేతికందింది విసరాలి. నేను చూశాను, వస్తుందేమోనని. నాకు కాళ్ళు లాగుతున్నాయని మాత్రం తెలిసింది. గట్టు మీద ఆయన పక్కనే కూచున్నాను. ఇంకెక్కడా చోటు లేదు మరి.

మా ఆయన్ని డిపోలో అందరూ 'హెల్మెట్టు' అనేవారు. టీ తాగేటప్పుడు కూడా తల మీంచి హెల్మెట్టు తీసేవాడు కాదు. పడుకునే ముందు గ్యాసు కట్టేశానో లేదో నన్నడిగి, నేను కట్టేశానన్నాక మళ్ళీ లేచి చూసి వచ్చేవాడు. నాకు ఒళ్ళు మండేది. "నా మీద నమ్మకం లేకపోతే నువ్వే వండుకో" అనేదాన్ని. అలాంటి మనిషి పేరు పక్కన వీళ్ళు వెతికి వెతికి పెట్టిన మాట 'అజాగ్రత్త'.

"ఆ మాట మీరెలా ఒప్పుకున్నారు మావయ్యా?"

"నేను రాయలేదు. సంతకం పెట్టానంతే."

"ఎలా పెట్టారు?"

"పోయినవాడికి ఏ మాటైనా ఒకటేనమ్మా. ఉన్నవాళ్ళం తినాలి."

"నాకు ఒకటి కాదు."

నా గొంతు చాలా మామూలుగా ఉంది. ఉప్పు అందించమని అడిగినట్టు ఉంది. అందుకే కాబోలు ఆయన భయపడ్డాడు. అరిచి ఉంటే బహుశా తనూ అరిచేవాడు, అక్కడితో సరిపోయేది.

"రేపు మీటింగులో ఆవిడ అడుగుతుంది" అన్నాను. "మీరు చెప్పండి. సర్టిఫికెట్టు ఉంటుందో పోతుందో నాకు తెలీదు. దాని గురించి ఆలోచించే ఓపిక నాకు లేదు. ఆయన అజాగ్రత్తగా వెళ్ళలేదని చెప్పండి చాలు. టేపు కట్టడానికి వెళ్ళాడని చెప్పండి."

"అది చెబితే బెల్టులు చెప్పాలి."

"చెప్పండి."

ఆయన మొహం చేతుల్లో పెట్టుకున్నాడు. వీపు కదిలింది. నాకు రాని ఏడుపు ఆయనకి రావడం చూస్తే కొంచెం కుళ్ళుగా కూడా అనిపించింది, అబద్ధమెందుకు.

"చెబుతాను" అన్నాడు చివరికి. "నేనే లేచి చెబుతాను. వాడి మీద ఒట్టు."

చనిపోయినవాడి మీద ఒట్టేమిటి అని నాకప్పుడు తట్టలేదు. సరేనన్నాను. లోపల మిషను మళ్ళీ మొదలైంది.

మర్నాడు డిపో హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. ముఠా వాళ్ళు, వాళ్ళ ఇళ్ళవాళ్ళు, డిపో వాళ్ళు, అందరూ వచ్చారు. సర్టిఫికెట్టు అంటే ఊరి సంగతి కదా, ఎవరు మానేస్తారు! సంఘం కార్యదర్శి గారు తెల్లచొక్కా వేసుకుని ముందు వరసలో తిరుగుతున్నారు. గోడ మీద పెద్ద వడ్రంగిపిట్ట బొమ్మ పడేలా చేశారు. అది మా అడవిలో పిట్ట కాదు. ఎక్కడి నించో దింపిన బొమ్మ. మా అడవికి పిట్టలింకా రాలేదు, చెట్లు మాత్రం వాటి కోసం చచ్చి రెడీగా ఉన్నాయి.

నేను మావయ్య వెనక వరసలో కూచున్నాను. అత్తయ్య నా పక్కన. పొద్దున్నించీ ఆవిడ నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నేనూ పలకరించలేదు. ఈ ఇంట్లో ఇప్పుడు మాటలన్నీ పొదుపే.

ఆడిటరమ్మ ఎక్కువ నాన్చలేదు. "ఈ అడవిలో కొన్ని చెట్లని బెరడు తీసి ఎండబెట్టారు. వాటంతటవే ఎండిపోయాయని మాకు చూపించారు. అందులో ఒకటి విరిగి ఒక మనిషి చనిపోయాడు. గాట్లు ఎవరు పెట్టారో ఇక్కడ ఎవరైనా చెబుతారా?" అంది.

అందరూ తమ తమ టీ కప్పుల్లోకి చూసుకున్నారు. కార్యదర్శి గారు, "అలాంటిదేమీ మా దృష్టికి..." అని మొదలుపెట్టారు.

మావయ్య లేచాడు.

ఇన్ని రోజుల్లో మొదటిసారి ఊపిరి పూర్తిగా లోపలికి వెళ్ళినట్టుంది. చెప్పేస్తాడు. మా ఆయన పేరు పక్కనించి ఆ మాట పోతుంది. తరవాత ఏమైనా కానీ.

"బెల్టులు పెట్టిన మాట నిజమేనండీ" అన్నాడు మావయ్య. "దాచి లాభం లేదు. ఆ ఎండిన చెట్లన్నీ అలా చేసినవే."

జనంలో చిన్న గోల. కార్యదర్శి గారి మొహం పాలిపోలేదు. అది నాకు వింతగా అనిపించింది. ఆయన మావయ్య వైపు చూసి తలాడించారు, పిల్లాడు పాఠం సరిగ్గా అప్పజెబుతుంటే మాస్టారు తలాడించినట్టు.

"పెట్టింది మా అబ్బాయండీ" అన్నాడు మావయ్య.

ఫ్యాను తిరుగుతూనే ఉంది.

"ఎవరూ చెప్పలేదు వాడికి. ఊరికి మంచి చేద్దామనుకుని వాడంతట వాడే చేశాడు. సంఘానికి తెలీదు, ముఠాకి తెలీదు. నాకూ పోయాకే తెలిసింది. పెట్టినవాడు వాడే, దాని కిందే పోయాడు. ఇంక ఎవర్నని శిక్షిస్తారు?"

ఏడుస్తున్నాడు. దొంగేడుపు కాదు. కళ్ళవెంట నిజంగా కారుతున్నాయి. ముందు వరసలో ఎవరో అయ్యో అన్నారు. ఆడిటరమ్మ కలం తీసింది. ఇంకో క్షణంలో రాసేస్తుంది. నిన్నటిదాకా మా ఆయన అజాగ్రత్త మనిషి. ఇవాళ్టి నించీ చెట్లని దొంగతనంగా చంపి, తను చంపిన చెట్టు కిందే పడిపోయిన మనిషి.

అప్పుడు వచ్చింది. ఇన్నాళ్ళూ గుమ్మందాకా వచ్చి తిరిగిపోయినది ఈసారి తలుపు తన్నుకుని లోపలికి వచ్చింది. అరికాళ్ళ నించీ మంట. నాకు మాటలింకా కూడలేదు కానీ లేవబోయాను.

అత్తయ్య నా మణికట్టు పట్టుకుంది.

కూచోబెడుతోందనుకున్నాను. మొగుడి పరువనుకుంది కాబోలు, ఊరి తిండనుకుంది కాబోలు. విదిలించుకోబోయాను. ఆవిడ వదల్లేదు. నన్ను కిందకి లాగడం లేదు. నా చెయ్యి ఊతంగా పట్టుకుని తనే లేస్తోంది.

"రాయకమ్మా" అంది ఆడిటరమ్మతో. "కాసేపు ఆగు."

మావయ్య వెనక్కి తిరిగాడు. "నువ్వు కూచో" అన్నాడు.

"మా ఆయనకి మతిపోయిందనుకోకండి" అంది అత్తయ్య, ఆయన వైపు చూడకుండా. "మతి ఉండే చెబుతున్నాడు. బెల్టులు పెట్టినన్ని రోజులూ మధ్యాహ్నం భోజనం పట్టుకెళ్ళింది నేను. నా కొడుకు అక్కడ లేడు. ఈయనున్నాడు. ఈయన ఒక్కడే కూడా కాదు."

అత్తయ్య మెల్లిగా ముందు వరసకేసి, తెల్లచొక్కా కేసి తిరిగింది. నా మణికట్టు మీద ఆవిడ వేళ్ళు ఇంకా బిగుసుకున్నాయి.

"కార్యదర్శి గారూ, మీకూ నా చేత్తోనే వడ్డించాను కదండీ. మర్చిపోయారా?"